వ్యాయామం పొట్ట కోసమేనా?

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను ఒక్క వారం కూడా వదలకుండా చదువుతాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాయామం గురించి ఎప్పుడు రాసినా అందులో బరువు, పొట్ట, షుగరు, బీపీ, గుండె, ఇవే ఉంటాయి. పక్కన వదులైపోయిన ప్యాంటు నడుము దగ్గర పట్టుకుని నవ్వుతున్న మనిషి ఫొటో ఒకటి. రాసినవేవీ తప్పు కాదు. కానీ నడిస్తే మెదడుకేమవుతుంది, మనసుకేమవుతుంది అనేది ఎక్కడో చివర్లో "మానసిక ఒత్తిడి కూడా తగ్గుతుంది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తున్నారు. నా మటుకు నాకు ఆ ఒక్క వాక్యమే అసలు సంగతి.

ఎందుకో చెప్తాను. మూడేళ్ల కిందట నాకు పానిక్ అటాక్‌లు మొదలయ్యాయి. వాటిని అలా అంటారని కూడా అప్పటికి తెలీదు. కూర్చుని ఏదో పని చేసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది, అరచేతులు చల్లబడిపోయేవి, ఊపిరి అందేది కాదు, ఇక ఇంతే, అయిపోయింది అనిపించేది. రెండుసార్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చేశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అని ఇంటికి పంపేశారు. ఏమీ లేకపోతే మరి ఇంత ఎందుకవుతోందో ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆవిడ మందు రాసి, దాంతోపాటు రోజూ ఆయాసం వచ్చేదాకా మెట్లెక్కండి అన్నారు. నాకు కోపం వచ్చింది. గుండె దడకి భయపడి వచ్చినవాణ్ని ఇంకాస్త దడ తెచ్చుకోమంటారేంటి అని.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పానిక్ వచ్చేవాళ్లు గుండె వేగాన్నే ప్రమాదం అనుకుంటారట. దడ మొదలవగానే భయం, ఆ భయంతో దడ పెరగడం, పెరిగిందని మళ్లీ భయం, ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. మెట్లెక్కినా వచ్చేది అదే దడ, అదే చెమట, అదే ఆయాసం, కాకపోతే అక్కడ కారణం కళ్లెదురుగా ఉంటుంది, ఆగి నిలబడితే కాసేపట్లో దానంతటదే దిగిపోతుంది. రోజూ అది పెరగడం, తగ్గడం చూస్తూ ఉంటే దడ అంటే చావు కాదని మెదడు నెమ్మదిగా నమ్ముతుంది. నోటితో వందసార్లు చెప్పుకున్నా నమ్మని సంగతి ఇది. మొదటి వారం రెండో అంతస్తు దగ్గరే రైలింగ్ పట్టుకుని కూలబడ్డాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలన్నర అయ్యేసరికి రాత్రిపూట గుండె కొట్టుకుంటే "ఇది మూడో అంతస్తులో వచ్చే దడే కదా" అనుకుని అటు తిరిగి పడుకోగలిగాను. (ఇలా దడ వచ్చేవాళ్లు ముందు గుండె పరీక్షలు చేయించుకుని డాక్టర్ సరే అన్నాకే మెట్లు మొదలుపెట్టాలి. నాకూ అన్నీ చూశాకే చెప్పారు.)

అలా మెట్లెక్కిన ఆరు నెలల్లో నేను తగ్గిన బరువు ఒక కిలో కూడా లేదు. బరువు కోసం మొదలుపెట్టి ఉంటే రెండో నెలలోనే మానేసేవాణ్ని.

చాలామంది మానేసేది ఇక్కడే. నెలరోజులు పొద్దున్నే లేచి నడుస్తారు, తూకం యంత్రం ఎక్కుతారు, ముల్లు కదలదు, మనకిది పడదులే అని వదిలేస్తారు. బరువు తగ్గాలంటే తిండి సంగతి కూడా చూసుకోవాలి, దానికి టైము పడుతుంది. మనసుకు అందేది మాత్రం ఆ రోజే అందుతుంది. ఒక్కసారి చురుగ్గా నడిచొచ్చినా ఆ పూటకి ఆందోళన కొంత తగ్గుతుంది, రాత్రి నిద్ర కూడా కొంచెం మెరుగవుతుంది. ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతమంది ఆగకుండా నడిచేవాళ్లో అనిపిస్తుంది నాకు.

తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివాను. మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే, కానీ ఊరికే కూర్చున్నా మనం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. నడిస్తే, పరిగెత్తితే రక్తం వేగంగా తిరుగుతుంది, నాడీకణాలు బతకడానికి, వాటి మధ్య లంకెలు ఏర్పడటానికి తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అమెరికాలోని సాల్క్ సంస్థ వాళ్లు 1999లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, చక్రంలో పరిగెత్తే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్తగా పుట్టి నిలబడ్డ కణాలు రెట్టింపయ్యాయి. హిప్పోక్యాంపస్ అంటే జ్ఞాపకాలు పోగుచేసే భాగం. ఎదిగిన మనుషుల్లో అలా కొత్త కణాలు ఎంతవరకు పుడతాయన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2011లో వచ్చిన మరో పరిశోధన మాత్రం నేరుగా మనుషుల మీదే చేశారు. 120 మంది వయసు పైబడినవాళ్లలో సగంమంది చేత వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిపించారు, మిగతావాళ్ల చేత ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేయించారు. నడిచినవాళ్లలో హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో తగ్గింది. ఆ వయసులో ఏటేటా కుంచించుకుపోయే భాగం అది! కేవలం నడకతో. ఇది చదివిన రోజు మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

డిప్రెషన్ గురించి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా రాయమని మిమ్మల్ని అడుగుతున్నాను. డ్యూక్ యూనివర్సిటీలో 1999లో 50 ఏళ్లు దాటిన 156 మంది డిప్రెషన్ రోగుల్ని మూడు గుంపులు చేశారు. కొందరికి మందు, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ. 16 వారాల తర్వాత చూస్తే మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి, అయితే మొదట్లో త్వరగా ఫలితం కనిపించింది మందుతోనే. ఇది పట్టుకుని కొందరు "మందులెందుకు, రోజూ పరిగెత్తు చాలు" అంటున్నారు. అది ప్రమాదం. వేసుకుంటున్న మందుని డాక్టర్‌ని అడగకుండా ఎవరూ ఆపకూడదు, నేను కూడా ఏడాదికి పైగా వేసుకున్నాను, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాకే ఆపాను.

ఇంకో మాట. కుంగుబాటులో ఉన్న మనిషిని "లేచి నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది" అని కసరడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లేవలేకపోవడమే ఆ జబ్బు. మంచం దిగి పళ్లు తోముకోవడమే కొండెక్కినంత పని అయినవాళ్లకి వ్యాయామం మీద ఉపన్యాసం ఇస్తే, చేయలేకపోయాననే బాధ ఇంకొకటి నెత్తిన పెట్టినట్టే. మీకు నిజంగా సాయం చేయాలనుంటే వాళ్ల చెప్పులు తెచ్చి ముందు పెట్టండి, మీవీ వేసుకోండి, గేటు దాకా కలిసి వెళ్లి రండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. రేపు ఇంకో పది గజాలు వెళ్లొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం ఉండాలంటుంది. ఆ అంకె చూసి బెదిరిపోనక్కర్లేదు. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అని ఇదివరకు ఉన్న నిబంధనను 2020లో వాళ్లే తీసేశారు, రెండు నిమిషాలు నడిచినా లెక్కే.

ఇక పిల్లల సంగతి. పరీక్షలు దగ్గరపడగానే ఇళ్లలో, బళ్లలో మొదట ఆపేసేది ఆటల్ని. బంతి దాచేస్తారు, సైకిలుకి తాళం వేస్తారు. చదువుకి మంచి చేస్తున్నామనుకునే అలా చేస్తారు, పాపం, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు 2009లో తొమ్మిది పదేళ్ల పిల్లల చేత 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరీక్ష పెడితే, ఊరికే కూర్చున్న రోజుకంటే నడిచిన రోజు ధ్యాస నిలబడింది, చదివింది బాగా అర్థమైంది. పరిశోధన చిన్నదే, 20 మంది పిల్లలు. అయినా గంటల తరబడి కుర్చీలో కూర్చున్న బిడ్డ ఒకే పేజీని నాలుగుసార్లు చదవడం ఏ తల్లికి తెలియదు? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒంటికి శ్రమ ఉండాలని చెబుతున్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థే, పరీక్షల నెలకి అందులో మినహాయింపేమీ ఇవ్వలేదు. మీరు ఏటా పరీక్షల ముందు ఇచ్చే ప్రత్యేక పేజీలో టైమ్‌టేబుల్ వేస్తారు కదా, ఈసారి దాంట్లో సాయంత్రం ఒక గంట ఆటకి కేటాయించి వేయండి. మీ పత్రికలో అచ్చయితే తల్లిదండ్రులు వింటారు, నాలాంటివాడు చెబితే వినరు.

అలాగే ఆరోగ్యం పేజీలో ఆ ప్యాంటు ఫొటో కొన్నాళ్లు ఆపి, పాఠకుల్ని ఒక చిన్న లెక్క రాసుకోమని అడగండి. మా ఇంట్లో గోడ మీద క్యాలెండర్‌లో నేను అదే చేస్తున్నాను. నడిచిన రోజుకి చుక్క, దాని పక్కన రాత్రి నిద్రపట్టిన టైము, పొద్దున మనసు ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు లోపు ఒక అంకె, అయిదంటే చాలా బాగున్నట్టు. బరువుకి అందులో గడి లేదు. మొదటి నెల కాగితం ఇప్పటికీ దాచుకున్నాను, చుక్కలు తొమ్మిదే ఉన్నాయి, నాలుగు, అయిదు అంకెలు ఎక్కువగా ఉన్నది ఆ చుక్కల పక్కనే.

ఇట్లు,
మీ పాఠకుడు