దొడ్డిదారి ఉన్న రూటరు

అమ్మలూ,

ఆశీస్సులు. కొత్త ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను, ఇక బెంగ లేదని రాశావు. నాకు మాత్రం బెంగ తీరలేదు.

నువ్వు మార్చింది వైఫైలో చేరడానికి అడిగే పాస్‌వర్డ్. రూటరు సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ వేరు. మొన్న మనింటి రూటరు బోర్లించి, దుమ్ము తుడిచి చూశాను. అడుగున చీటీ మీద యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్. ఆరేళ్లుగా అదే నడుస్తోంది! ఆ పూటే మార్చాను.

అయితే మనం మార్చగలిగేది మనకు కనబడేదాన్నే. 2013 అక్టోబరులో క్రెయిగ్ హెఫ్నర్ అనే పరిశోధకుడు డీ-లింక్ అనే కంపెనీ చేసిన కొన్ని రూటర్ల సాఫ్ట్‌వేరును విప్పి చూస్తే అర్థంలేని అక్షరాల వరుస ఒకటి దొరికింది. బ్రౌజరు తన పేరుగా ఆ అక్షరాలు చెబితే చాలు, రూటరు పాస్‌వర్డ్ అడగకుండానే తలుపు తీసేది. వాటిని వెనక నుంచి చదివితే 'ఎడిట్ బై 04882 జోయెల్ బ్యాక్‌డోర్' అని వస్తుంది. దొడ్డిదారి పెట్టి, దాని మీద దొడ్డిదారి అనే రాసుకున్నారు. కొన్నవాళ్లకు చెప్పకుండా ఇంటికి ఇంకో తాళంచెవి చేయించుకోవడమే కదా ఇది? నాకు మహా కోపం వచ్చింది. 2020 చివర్లో జైక్సెల్ కంపెనీ ఫైర్‌వాల్ పరికరాల్లో (నెట్‌వర్కుకు కాపలా కాసేవి) బయటపడిన రహస్య ఖాతా ఇంకా ఘోరం. సెట్టింగుల్లో కనబడదు, పాస్‌వర్డ్ మార్చడానికి వీల్లేదు. కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ వేసుకుంటేనే పోతుంది.

సైటు పేరు చెబితే అది ఎక్కడుందో చూపించేది డీఎన్ఎస్. రూటరు లోపలికి వచ్చినవాడు ఆ డీఎన్ఎస్ చిరునామా ఒక్కటి మారిస్తే, నువ్వు బ్యాంకు పేరు సరిగ్గా కొట్టినా దొంగ పేజీకి చేరవచ్చు. బ్రెజిల్‌లో 2011లో లక్షల మోడెములకు ఇదే గతి పట్టింది. బ్రౌజరు హెచ్చరిక చూపిస్తే తొందరలో దాటెయ్యకు తల్లీ.

ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిన రూటరు అన్నావు. అదే నా అసలు భయం. మోడల్ నంబరు చూసి, కంపెనీ సైటులో చివరి అప్‌డేట్ ఎప్పుడిచ్చారో వెతుకు. ఇవ్వడం మానేసి ఉంటే దాన్ని పక్కన పడేసి కొత్తది కొను, డబ్బు నేను పంపుతాను. అంతవరకు రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి రూటరు సెట్టింగులు తెరవనిచ్చే సదుపాయం, ఆపేసి ఉంచు. దొడ్డిదారి ఉన్నా, బయటి ఇంటర్నెట్‌లోంచి దాని దగ్గరికి రావడం కష్టమవుతుంది.

ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. రూటరు చేతిలో పెట్టుకుని కూర్చో, చీటీ మీద ఉన్నది చదివి వినిపించు.

మీ నాన్న