టీకా వచ్చేసిందని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మొదటి పేజీలో ‘క్యాన్సర్‌కు టీకా వచ్చేసింది’ అని పెద్ద అక్షరాలతో వేశారు. చదివి ఊరుకున్నాను గానీ, మా వీధిలో జరిగింది చూశాక రాయక తప్పడం లేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో సగంలో ఉన్న ఒకావిడ ఆ వార్త కత్తిరించి దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ‘ఎలాగూ టీకా వస్తోంది కదా వదినా, ఇంకా ఈ వాంతులు పడడమెందుకు’ అని తర్వాతి కీమోకు వెళ్లనని కూర్చుంది. ఒప్పించేసరికి నాకూ వాళ్లాయనకూ తల ప్రాణం తోకకొచ్చింది.

మీరు రాసింది రష్యా ప్రకటన. 2025 మొదట్లో రోగులకు ఉచితంగా ఇస్తామని 2024 డిసెంబరులో అక్కడివాళ్లు చెప్పినప్పుడూ ఇలాగే వేశారు. ఏ క్యాన్సర్‌కు, ఏ దశలో, ఎంతమందికి ఇచ్చి చూశారు? అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయలేదు.

లెక్కలు బయటపెట్టిన పరిశోధన ఉంది, దాని గురించి రాయండి. మోడెర్నా, మెర్క్ కంపెనీల టీకాను మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 157 మందితో పరీక్షించారు. క్యాన్సర్ మీద రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే కీట్రూడా ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల కన్నా, దాంతోపాటు టీకా కూడా వేయించుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే లేదా ప్రాణం పోయే ముప్పు 44 శాతం తగ్గిందని 2022 డిసెంబరులో చెప్పారు. వేరే అవయవాలకు పాకే ముప్పు కూడా బాగా తగ్గిందని మరుసటి ఏడాది తేలింది. నిజంగా సంతోషించాల్సిన విషయమే. కానీ పోలియో చుక్కల్లా అందరికీ ఒకటే వేసేది కాదది. రోగి గడ్డ ముక్కలోని జన్యువులు చదివి, క్యాన్సర్ కణాలను పట్టిచ్చే గుర్తులు 34 దాకా ఏరి, ఆ ఒక్క మనిషి కోసమే తయారు చేస్తారు. గడ్డ తీసేశాక ఒంట్లో ఎక్కడైనా మిగిలిన కణాలను మన రోగనిరోధక శక్తి పట్టుకునేలా చేయడం దాని పని. అంటే ముందు ఆపరేషన్ జరగాలి, తీసిన ముక్క భద్రంగా ఉండాలి.

మన దగ్గర ఆ ముక్కకు ఏం గతి పడుతోందో చెబుతాను. మా బావగారికి ఊపిరితిత్తిలో గడ్డ వస్తే ఒక ఆస్పత్రిలో సూదితో ముక్క తీసి బయాప్సీ చేశారు. జన్యు పరీక్ష చేయాలి, బ్లాకు తెచ్చుకోమన్నారు ఇంకోచోట. గడ్డ ముక్కను మైనంలో పెట్టి దాచే చిన్న బిళ్ల అది. ల్యాబ్‌లో అడిగితే రికార్డు రూముకు పొమ్మన్నారు. అక్కడ సారు సంతకం కావాలన్నారు. సారేమో సెలవు. తీరా బ్లాకు చేతికొస్తే దానిమీద నంబరు చెరిగిపోయింది. అది మా బావగారిదో ఇంకొకరిదో చెప్పే నాథుడు లేడు. ఆయాసపడుతున్న మనిషిని పడుకోబెట్టి మళ్లీ ఊపిరితిత్తిలోకి సూది దించారు. ఎవరూ ఒక్క మాట కూడా ‘పొరపాటైంది’ అనలేదు.

రోగికి ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదన్న ఈ ధోరణి కొత్తది కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు టీకా వేసినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా 2010లో కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. చెప్పకుండా వేసినందుకు దానిమీద పుట్టిన భయం మాత్రం తల్లుల్లో ఇంకా పోలేదు.

మీరు ఆ వార్త వేసిన చోటే ఒక క్యాన్సర్ డాక్టరు చేత వివరంగా రాయించండి. ఏ ఆస్పత్రిలోనైనా బ్లాకు మీద చెరగని నంబరు వేయాలని, రోగి అడిగితే రసీదు రాయించుకుని అదే రోజు ఇచ్చేయాలని రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ ఉత్తర్వులివ్వాలి. అవి అమలవుతున్నాయో లేదో తనిఖీలూ చేయాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి