రాత్రి డ్యూటీ టెక్నీషియన్ గారికి కృతజ్ఞతలు

ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ బిళ్ల 93 కెల్విన్ (సుమారు −180 డిగ్రీల సెల్సియస్) దగ్గరే అతివాహకంగా, అంటే కరెంటుకి నిరోధమే లేని పదార్థంగా, మారుతుందని 1987లో తేలింది. అంత చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ చాలు, ఖరీదైన హీలియం అక్కర్లేదు. కానీ అందులో ఆక్సిజన్ బాగా తగ్గితే ఆ గుణమే పోతుంది. అందుకే బిళ్లల్ని ఆక్సిజన్ పారుతుండగా ఫర్నేస్‌లో నెమ్మదిగా చల్లార్చాలి. మా బిళ్లలు ఫర్నేస్‌లో ఉన్న ఆ రాత్రి ఆక్సిజన్ సిలిండర్ అయిపోవస్తోందని గేజ్ చూసి, ఎవరూ అడక్కుండానే మీరు కొత్తది బిగించారు. లాగ్‌బుక్‌లో టైమ్, ప్రెషర్ రాశారు, పేరు మాత్రం రాయలేదు!

బిళ్ల నిరోధం 91 కెల్విన్ దగ్గర సున్నాకి పడిపోయింది, దాని పైన అయస్కాంతం గాల్లో తేలింది. ఇదంతా ఎందుకు జరుగుతుందో సిద్ధాంతపరంగా ఇప్పటికీ తేలలేదు, ఆ తలనొప్పి మాది. చాలా థాంక్సండీ. మా పరిశోధన పేపర్‌లో ప్రస్తుతానికి 'రాత్రి డ్యూటీ టెక్నీషియన్' అనే రాశాం. అచ్చుకి ముందు సరిచూసే ప్రూఫ్ వచ్చేలోగా పేరు చెప్పండి, చేరుస్తాం.