తాగునీటి సంఘం జమా ఖర్చుల వివరణ: 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు

గ్రామస్తులందరికీ నమస్కారం.

కుళాయి నీళ్ల కోసం ఏడాది పొడవునా మీరు కట్టిన డబ్బు ఎంత వచ్చిందో, దేనికెంత అయిందో ఈ కాగితంలో రాస్తున్నాం. ఊరికి దూరంగా ఉంటూ కొత్త బోరు మోటారు కోసం డబ్బు పంపినవాళ్లు కూడా చూసుకోవాలని ఆన్‌లైన్‌లోనూ పెడుతున్నాం.

జమ
నిరుటి నిల్వ (బ్యాంకులో 29,860, చేతిలో 1,612): రూ.31,472
నెలకు రూ.60 చొప్పున నీటి రుసుం: రూ.1,35,060
పాత బకాయిల వసూలు: రూ.4,320
మార్చిలో ఇచ్చిన నాలుగు కొత్త కనెక్షన్లు: రూ.6,000
మోటారుకు ఇంటికి వంద చొప్పున 188 ఇళ్లు: రూ.18,800
బయట ఊళ్లలో ఉన్న మనవాళ్ల విరాళం: రూ.25,000
జరిమానాలు: రూ.1,500
బ్యాంకు వడ్డీ: రూ.938
మొత్తం: రూ.2,23,090

ఖర్చు
పంపు ఆపరేటర్ జీతం: రూ.72,000
కొత్త మోటారు, దాని పనులు, ట్యాంకర్లు: రూ.70,550
పైపు లీకుల మరమ్మతు: రూ.13,460
ఇంకుడు గుంతలు: రూ.8,900
బడి మరుగుదొడ్లకు నీటి లైను: రూ.7,350
ట్యాంకు కడగడం, నాలుగు సార్లు: రూ.6,000
బ్లీచింగ్ పౌడర్ అయిదు మూటలు: రూ.5,250
రసీదు పుస్తకాలు, జిరాక్సులు: రూ.1,240
క్లోరిన్ పరీక్ష మందు: రూ.780
మొత్తం: రూ.1,85,530
నిల్వ (బ్యాంకులో 36,415, చేతిలో 1,145): రూ.37,560

కరెంటు బిల్లు ఇందులో లేదు. దాన్ని 15వ ఆర్థిక సంఘం నిధుల్లో (కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన డబ్బు) తాగునీటికి కేటాయించిన భాగం నుంచి పంచాయతీ కట్టింది.

ఇక మోటారు సంగతి. మే నెలలో బోరులో నీళ్లు అడుగంటాయి. పైగా లోవోల్టేజీ. మోటారు కాలిపోయింది. అంతకుముందే రెండుసార్లు రీవైండింగ్ చేయించినది అది. మళ్లీ చుట్టిస్తే చవకే కానీ ఎండాకాలం దాటుతుందన్న భరోసా మెకానిక్ ఇవ్వలేదు. అందుకే కొత్తది కొన్నాం. మోటారు పంపుసెట్టు 42,800, కేబులు 6,400, పాతది పైకి తీసి కొత్తది దించిన కూలి 5,500, ప్యానెల్ బోర్డు బాగుచేత 3,850. నీళ్లు రాని అయిదు రోజులూ రోజుకు నాలుగు ట్యాంకర్లు, ట్రిప్పుకు 600 చొప్పున 12,000. మీ చందాలూ విరాళాలూ కలిపి 43,800 వచ్చాయి. మిగతా 26,750 రుసుం డబ్బులోంచే సర్దాం. ఈసారి ప్యానెల్‌లో డ్రై రన్ రక్షణ కూడా పెట్టించాం. నీళ్లు తగ్గితే మోటారు దానంతటదే ఆగిపోతుంది.

నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోందని కొందరు అడిగారు. నలభై వేల లీటర్ల ట్యాంకు రోజుకు రెండుసార్లు నిండుతుంది. వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల లెక్కన పౌడర్ కలుపుతున్నాం. ట్యాంకు దగ్గర వాసన ఉండటం కాదు, చివరి కుళాయి దాకా మందు అందిందా లేదా అన్నదే చూడాలి. పౌడర్‌లోని క్లోరిన్ అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. సంఘంలోని అక్కచెల్లెళ్లు వారానికోసారి చివరి వీధి ఆఖరి ఇంటి కుళాయి కింద గాజు గొట్టం పట్టి, రెండు చుక్కల పరీక్ష మందు వేసి రంగు చూస్తున్నారు. రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. వానాకాలంలో ఒక వారం రంగు అసలు రాలేదు. వెతికితే మూట నోరు కట్టకుండా వదిలేసినందువల్ల పౌడర్ ఘాటు పోయిందని తేలింది. అప్పటి నుంచి మూత ఉన్న డ్రమ్ములో పోసి ఉంచుతున్నాం. వాసన ఇబ్బందిగా ఉన్నవాళ్లు బిందె మీద పల్చటి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే తగ్గుతుంది.

చివరి వీధికి నీళ్లు సరిగా రావడం లేదన్న మాట నిజం. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది ఇంటింటికీ కుళాయి నీళ్ల కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క. మన 212 ఇళ్లకు ఇంటికి నలుగురనుకుంటే 46,640 లీటర్లు చాలు. మనం ఎక్కిస్తున్నది 80 వేలు. నీళ్లకు కొదవ లేదు. కుళాయి పైపుకే మోటారు బిగించి లాగేస్తుంటే దిగువ ఇళ్లకు ఏం మిగులుతుంది? అలా లాగినప్పుడు లీకు ఉన్నచోట పక్క కాలవ మురుగు పైపులోకి పోతుంది. ఆ మురుగే మన పిల్లల కడుపులోకి పోతుంది. మూడు ఇళ్లకు అయిదొందల చొప్పున జరిమానా వేసింది అందుకే. ఎవరి మీదా కక్షతో కాదు.

బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు కట్టి ఉన్నా నీళ్లు లేక తాళం వేసి ఉండేవి. ఈ ఏడాది ఖర్చుల్లో సంఘానికి ఎక్కువ తృప్తినిచ్చింది ఆ 7,350 రూపాయలే.

ఆపరేటర్ జీతం నెలకు ఆరు వేలు. త్రీఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు లేచి వాల్వులు తిప్పే మనిషికి అది తక్కువ. పెంచాలని ఉంది, డబ్బు లేదు.

డబ్బు ఎందుకు లేదంటే: అందరూ కడితే ఏడాదికి 1,52,640 రావాలి. 176 ఇళ్లు పూర్తిగా కట్టాయి. 23 ఇళ్లు కొన్ని నెలలే కట్టాయి. 13 ఇళ్ల నుంచి ఒక్క నెలా రాలేదు. బకాయి 17,580. మోటారు ఖర్చు తీసేస్తే మామూలు ఖర్చు 1,14,980 మాత్రమే. అంటే రుసుం మొత్తం వసూలైతే ఏటా 37 వేలకు పైగా మిగులుతుంది. అప్పుడు మోటారు కాలిన ప్రతిసారీ ఇల్లిల్లూ తిరగాల్సిన పని ఉండదు.

కట్టనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని కొందరన్నారు. సంఘం ఒప్పుకోలేదు. వాళ్లలో పింఛను మీద బతికే ఒంటరి ముసలివాళ్లున్నారు, పనుల కోసం వలసపోయి ఆరేసి నెలలకు వచ్చేవాళ్లున్నారు. కుళాయి కోయడం కూడా మా ఉద్దేశం కాదు. నిజంగా కట్టలేనివాళ్లకు గ్రామసభ మాఫీ చేయాలి. మిగతావాళ్లు పాత బాకీని నెలకు మరో అరవై కలిపి తీర్చుకోవచ్చు.

రాబోయే గ్రామసభలో రెండు విషయాలు పెడుతున్నాం: ఒకటి ఈ మాఫీ, రెండోది మరమ్మతుల కోసం వేరే ఖాతా తెరిచి నెలకు 1,500 అందులో వేయడం. రుసుం పెంచమని అడగడం లేదు. వోచర్లు, పాస్‌బుక్, రసీదు పుస్తకాలు పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అంకెల్లో తేడా కనిపిస్తే సభకు ముందే కోశాధికారికి రాసివ్వండి, సభలోనే చదివి జవాబు చెబుతాం.

ఇట్లు,
అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి
గ్రామ నీటి, పారిశుధ్య సంఘం