ఆటల పీరియడు ఎవరు తీసుకుంటున్నారు?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం జిల్లా అంతటా ఘనంగా జరిగిందని మీ పత్రికలో ఫొటోలు వేశారు. చూసి పది రోజులైంది, అయినా మనసు ఊరుకోక రాస్తున్నాను. ఆ మర్నాటి నుంచి పిల్లలు ఏం ఆడుతున్నారో ఎవరైనా చూశారా?

మా మనవరాలు తొమ్మిదో తరగతి. టైంటేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లు ఉన్నాయి. ఒకటి లెక్కలకు పోతుంది, రెండోది సైన్సుకు. జూన్‌లో కొన్న కాన్వాసు బూట్ల అడుగు ఇంకా అరగలేదు. మొన్న బడికి వెళ్లి అడిగితే బీరువా తాళం తీసి వాలీబాల్ చూపించారు. వేలితో నొక్కితే సొట్టపడి అలాగే ఉండిపోయింది. నెట్‌కి కవరు కూడా విప్పలేదు. మైదానంలో సగం ఇసుక, కంకర గుట్టలు, మిగతా సగం తుప్పలు. ఆటలు నేర్పే పీఈటీ గారు పాపం, ప్రార్థనకు లైన్లు పెట్టించడం, భోజనాల దగ్గర కాపలా, ఆన్‌లైన్ పనులతోనే పొద్దు గడిచిపోతోందన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను.

2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగులో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరిది మా మండలంలోని ఊసవానిపేటే. అటు విజయనగరం దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. పేరు మోసిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టింది వీరఘట్టంలో. ఇలాంటి నేల మీద పుట్టిన పిల్లలకు బంతిలో గాలి కొట్టి ఇచ్చే దిక్కు లేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంటోంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా పిల్లలకు వారంలో కూడా అంత దక్కడం లేదు. తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లు, మరుగుదొడ్లు, వంటగది చూసి జీపెక్కేస్తారు, మైదానం వైపు అడుగు వెయ్యరు. ఇక అపార్టుమెంట్లలో నడిచే ప్రైవేటు బళ్ల సంగతి సరేసరి. మార్కులు తగ్గుతాయని టెన్షన్ పడి ఆటలు మాన్పించే మన తల్లిదండ్రులకూ ఇందులో వాటా ఉంది.

జిల్లా విద్యాశాఖాధికారి గారు ఈ నెలలో ఏదో ఒక బడికి, ముందుగా చెప్పకుండా, ఆటల పీరియడు వేళకే వెళ్లాలి. ఆ గంటలో నల్లబల్ల మీద లెక్కలు కనబడితే అక్కడికక్కడే ఆపించి, పిల్లల్ని మైదానంలోకి పంపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఆమదాలవలస