గిన్నె ఖాళీగా ఇవ్వకూడదట

గుంటూరు,
గురువారం, పొద్దుగూకే వేళ

బావా,

వందనాలు. సోమవారం నువ్వు పంపిన మెసేజ్ చూసి నవ్వుకున్నాను. నాలుగు బైబిలు వాక్యభాగాల అంకెలు, కింద ఒక్క ముక్క: "ఈస్టరు మూడో ఆదివారం మా చర్చిలో నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు, ఏం చెప్పను?" ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ రోజుల్లోనూ నువ్వింతే. తెల్లారితే పరీక్ష అనగా రాత్రి పదింటికి నా నోట్సు కోసం తలుపు తట్టేవాడివి. నలభై ఏళ్ళు గడిచాయి, సముద్రాలు దాటావు, బుద్ధి మాత్రం మారలేదు. సరే, నాకూ వేరే పని లేదు. మోకాలి ఆపరేషన్ అయి ఇది ఆరో వారం. వాకర్ పట్టుకుని వరండా దాకా వెళ్ళడం, మళ్ళీ మంచం దగ్గరికి రావడం, ఇదే నా ఊరేగింపు. ఫోనులో ఇంత పొడుగు టైపు చేయడం నా వల్ల కాదు గనక కాగితం మీద రాస్తున్నాను. పక్కింటి కుర్రాడు ఫొటోలు తీసి నీకు పంపుతాడు.

ఇక్కడ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మిరప సీజను కదా, యార్డు వైపు నుంచి గాలి తిరిగితే వీధంతా తుమ్ములే. పొద్దున పేపరు తెరిస్తే మొదటి పేజీల నిండా బంగారం ప్రకటనలు. ఎందుకంటావా? నువ్వు మాట్లాడబోయే ఆదివారమే ఇక్కడ అక్షయ తృతీయ. పట్నం బజారులో ఆ రోజు అడుగు పెట్టే చోటుండదు. ఆ పేపరు పక్కన పెట్టి నువ్వు పంపిన వాటిలో యేసు శిష్యుడు పేతురు రాసిన ఉత్తరం, మొదటి పేతురు పత్రిక ఒకటో అధ్యాయం తీశాను. "వెండి బంగారములవంటి క్షయ వస్తువులచేత" మీరు విమోచింపబడలేదు అని ఉంది. క్షయ వస్తువులట! ఊరు ఊరంతా అక్షయమని కొనే దాన్ని పేతురు క్షయం అంటున్నాడు. ఇది ఎవరూ కావాలని కూర్చినది కాదు, రెండు పంచాంగాలు ఒక తేదీ దగ్గర తగులుకున్నాయి, అంతే. తెలుగు మాస్టారి ప్రాణం కదా, లేచి గంతేద్దామనుకున్నాను, మోకాలు ఒప్పుకోలేదు.

దీన్ని పట్టుకుని ఇరుగుపొరుగు పండుగను వెక్కిరించే ప్రసంగం మాత్రం చెయ్యకు. అలాంటివి నేను కొన్ని విన్నాను, విన్న ప్రతిసారీ తల దించుకున్నాను. పేతురు కోపం బంగారం మీద కాదు. మన విడుదలకు ధర ఒకటి ఉందనీ, దాన్ని మనం కూడబెట్టి చెల్లించగలమనీ అనుకుంటామే, ఆ లెక్క మీద. జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు 1517లో తొంభై ఐదు సిద్ధాంతాలు రాసింది కూడా దాని మీదే గదా! పాపాల శిక్ష తగ్గిస్తామని పత్రాలు అమ్మి డబ్బు పెట్టెలో వేయించుకున్నది గుడి బయటి బంగారం కొట్టువాళ్ళు కాదు, చర్చివాళ్ళే. 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు దాని ముందుమాటలో లూథరు ఈ పేతురు మొదటి పత్రికను యోహాను సువార్త పక్కన, రోమా పత్రిక పక్కన కూర్చోబెట్టి, అన్ని పుస్తకాల్లో అసలు గుజ్జు ఇదీ అన్నాడు. అంత చిన్న ఉత్తరానికి అంత పెద్ద పీట!

అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయానికి వస్తాను. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు నాడు పేతురు చేసిన ప్రసంగం తోక ఇది. జనం "హృదయములో నొచ్చుకొని" అడిగారని మన తెలుగులో ఉంది. నొచ్చుకోవడం అంటే ఇప్పుడు మనకు పెళ్ళి పిలుపు ఆలస్యమైతే మేనత్త చేసే పని. గ్రీకు మూలంలో మాట మాత్రం పొడుచుకుపోవడం, గుచ్చుకోవడం. ఆ పోటుతో వాళ్ళు అడిగిన ప్రశ్న చూడు: "మేమేమి చేతుము?" పేతురు జవాబులోని క్రియల కింద గీత గీసుకో. మారుమనస్సు పొంది, బాప్తిస్మము పొందుడి, పరిశుద్ధాత్మ అను వరము పొందుదురు. వాళ్ళు అడిగింది చేయడం గురించి. ఆయన మూడుసార్లూ చెప్పింది పొందడం గురించి. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పాను, ఈ వాక్యం లెక్కలేనన్ని సార్లు చదివాను. నా కంటికి ఇది ఈ వారమే కనిపించింది, బావా. మూలభాషలో మూడూ ఒకే క్రియ కాదు, ఆ మాట ఎవరైనా పట్టుకుంటే ఒప్పేసుకో. కానీ మన అనువాదకులు ఏ తోవలో నడిచి అక్కడికి చేరారో గానీ సువార్త నాడి దొరకబుచ్చుకున్నారు.

ఆ తర్వాతి వచనంలో వాగ్దానం "మీకును మీ పిల్లలకును దూరస్థులందరికిని" అని ఉంది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఎందుకిస్తారని ఎవరైనా వాదనకు దిగితే మా నాన్న ముందు ఈ వచనం మీదే వేలు పెట్టేవారు. ఉపదేశిగా ఊళ్ళు తిరిగిన మనిషి, ఆయనకు అలవాటైన వాదన అది. నన్ను ఇప్పుడు పట్టుకున్నది మాత్రం "దూరస్థులు". యెరూషలేములో నిలబడి చూస్తే గుంటూరు ఎంత దూరం! 1842 జూలై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ దొర ఈ ఊళ్ళో అడుగుపెట్టేనాటికి ఆయన వయసు నలభై తొమ్మిది. కలెక్టరు స్టోక్స్ ఆదరించి చోటిచ్చాడు. ఆయన వచ్చింది ఎక్కడి నుంచి? నువ్విప్పుడు మంచు ఎత్తిపోసుకుంటూ కాపురం చేస్తున్న పెన్సిల్వేనియా నుంచే. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి కట్టిన కుగ్లర్ డాక్టరమ్మ కూడా అక్కడి మనిషే, 1883లో వచ్చింది. నువ్వూ నేనూ పుట్టింది ఆ ఆసుపత్రిలో. ఇప్పుడు ఆ ఊరివాళ్ళు గుంటూరువాణ్ణి నిలబెట్టి మాకు వాక్యం చెప్పు అంటున్నారు. దూరస్థులు ఎవరో, దగ్గరివాళ్ళు ఎవరో నాకు తేలడం లేదు.

కీర్తన 116 గురించి ఎక్కువ రాయను, మా ఇంట్లో జరిగింది ఒకటి చెబుతాను.

నా ఆపరేషన్‌కని వచ్చిన మా అమ్మాయి రెండు వారాలుండి హైదరాబాదు వెళ్ళిపోయింది, దాని ఉద్యోగం దానిది. మీ చెల్లెలు పోయాక ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది నేనే గదా, నిలబడలేని వాణ్ణి ఏం వెలిగిస్తాను? ఆ సంగతి కనిపెట్టి పక్కింటి అమ్మాయి మధ్యాహ్నం పూట స్టీలు గిన్నెల్లో కూర, పప్పు పంపడం మొదలుపెట్టింది. మీ చెల్లెలికి ఒక పట్టుదల ఉండేది, నీకు తెలుసు. ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. చారెడు పంచదారైనా, రెండు నిమ్మకాయలైనా వెయ్యాలి. నేనూ అదే పాటించాను. పంచదార అయిపోయింది. అరటిపండ్లు అయిపోయాయి. కొట్టుకు వెళ్ళే కాలు లేదు. ఖాళీవి పంపడానికి మనసొప్పక గిన్నెలు కడిగి అరుగు మీద పేర్చాను. ఐదయ్యాయి, ఆరయ్యాయి. ఏడో రోజు ఆ అమ్మాయే వచ్చింది. అరుగు వంక చూసింది, నా వంక చూసింది. "మాస్టారూ, మీరు గిన్నెలన్నీ ఇలా దాచుకుంటే రేపు కూర దేంట్లో పెట్టి పంపాలి? ఖాళీగానే ఇవ్వండి, పుణ్యముంటుంది" అంది. నవ్వుతూనే అంది గానీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రాత్రి కీర్తన చదివితే ఏముందో చూడు. "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" నా పంచదార ప్రశ్నే. జవాబేమో "రక్షణ పాత్రను చేత పుచ్చుకొని"! చెల్లించడం ఎలాగని అడిగి, పుచ్చుకుంటాను అంటున్నాడు. మొక్కుబళ్ళు చెల్లిస్తాననే మాట కూడా వస్తుంది, రాదని కాదు. అది తర్వాత వస్తుంది. ముందు చెయ్యి చాచడం.

ఇంక లూకా సువార్తలోని ఎమ్మాయు కథ. పాత లూథరన్ పద్ధతిలో ఇది ఈస్టరు మర్నాటి సోమవారపు సువార్త. ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో చెప్పే మీ మూడేళ్ళ పట్టికలో ఇలా మూడో ఆదివారానికి వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచి ఈ కథలో ఇష్టమైన మాట "ఆమడ". యెరూషలేముకు "ఆమడ దూరముననున్న ఎమ్మాయు". మూలంలో అరవై స్తాదియాలు, అంటే పదకొండు కిలోమీటర్లు. మన లెక్కలో ఇక్కడి నుంచి మంగళగిరికి బయల్దేరి సగం దారిలో ఆగిపోవడం. అనువాదకులు మైళ్ళ జోలికి పోకుండా ఎడ్లబండి కాలపు కొలత వేశారు. ఆమడ ఇప్పుడు కొలతగా పోయింది. ఎవరైనా గిట్టకపోతే ఆమడ దూరంలో ఉంటాం, అంతవరకే మిగిలింది. అలా చదివినా కథ చెడదు. ఆ ఇద్దరు శిష్యులూ యెరూషలేముకు, అక్కడ జరిగినదానికి ఆమడ దూరంలో ఉందామనే బయల్దేరారు. ఒకరి పేరు క్లెయొపా, రెండోవారి పేరు లూకా రాయలేదు. అది భార్యే అయి ఉంటుందని కొందరి ఊహ. మన "ఇద్దరు"లో ఆడా మగా తేలదు, కనుక నువ్వు దాని జోలికి వెళ్ళకు, పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

వాళ్ళు తప్పు దిక్కున నడుస్తున్నారు. సమాధి నుంచి లేచిన యేసే దగ్గరికి వచ్చి కలిశాడు. వాళ్ళు వెతకలేదు, పిలవలేదు, గుర్తుపట్టనూ లేదు. పైగా ఆయనకే ఆయన కథ చెప్పారు. సిలువ, సమాధి, స్త్రీలు తెల్లవారుజామున వెళ్ళడం, దేవదూతలు, అన్నీ ఉన్నాయి. విశ్వాస ప్రమాణంలో ఏదీ తక్కువ కాలేదు, ఒక్క క్రియ తప్ప: "నిరీక్షించియుంటిమి". నిరీక్షణ భూతకాలంలో పడింది. బావా, మీ అమ్మ పోయినప్పుడు విమానం టికెట్టు దొరక్క నువ్వు అక్కడే ఉండిపోయి, ఫోనులో నాతో మాట్లాడావు గుర్తుందా? "ప్రార్థన చేశాను రా, చేశాను" అన్నావు. నేనేమీ అనలేదు. ఆ క్రియ నాకు తెలుసు, మీ చెల్లెలు పోయిన ఏడు నేనూ దాన్నే వాడాను.

ఆయన వాళ్ళను ఓదార్చలేదు చూశావా? "మందమతులారా" అన్నాడు. ఆ తిట్టు నాకు ఎంతో హాయిగా ఉంటుంది, బాగా కావలసినవాళ్ళే అలా అంటారు. ఆ తర్వాత మోషే మొదలుకొని విప్పి చెప్పుకుంటూ వెళ్ళాడు. ఆమడ దారి పొడుగునా వాక్యం. అయినా కళ్ళు తెరుచుకోలేదు, గుండె మాత్రం వేడెక్కింది. లూథరు ప్రశ్నోత్తరాలుగా రాసిన బోధ పుస్తకం, చిన్న కాటికిజంలో విశ్వాస ప్రమాణం మూడో భాగానికి వివరణ మనం విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్‌కు వల్లె వేశాం కదా: నా సొంత తెలివితో, నా సొంత బలంతో నేను క్రీస్తును నమ్మలేను, ఆయన దగ్గరికి రాలేను, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడు అని. అప్పుడు బెత్తం భయానికి వల్లించాం. ఎమ్మాయు దారిలో అది మనుషుల రూపంలో నడుస్తోంది.

ఊరు వచ్చింది. ఆయన ఇంకా ముందుకు వెళ్ళేటట్టు కనిపించాడు. అచ్చం మన మర్యాదే! చుట్టం చెప్పులు వేసుకుంటున్నట్టు కనిపిస్తాడు, మనం చెయ్యి పట్టుకుని "పొద్దు పోయింది, భోంచేసి వెళ్ళండి" అంటాం. వాళ్ళూ "బలవంతము చేసిరి". కానీ బల్ల దగ్గర వరస తిరగబడింది. రొట్టె పట్టుకున్నది అతిథి. స్తోత్రం చేసి, విరిచి, పంచింది అతిథి. మన ఇళ్ళలో వచ్చినవాడు వంటింట్లోకి వెళ్ళి వడ్డన మొదలుపెడితే ఇల్లాలు ఊరుకుంటుందా? వాళ్ళు ఊరుకున్నారు. చేతులు చాచారు. కళ్ళు "తెరవబడి" అని ఉంది, తెరిచారని లేదు.

ఆ వెంటనే లేచి, చీకట్లో, మళ్ళీ ఆ ఆమడ నడిచి యెరూషలేముకు వెళ్ళారు. ప్రొద్దు గ్రుంకింది, వెళ్ళవద్దని ఆయన్ను ఆపినవాళ్ళు! ఇక్కడ నువ్వు కొంచెం నవ్వించవచ్చు.

లూథరు 1546 ఫిబ్రవరిలో పోయాడు. పోవడానికి రెండు రోజుల ముందు రాసుకున్న చివరి చీటీలో చివరి మాటలు: మనం బిచ్చగాళ్ళం, ఇది నిజం. దీన్ని ప్రసంగంలో పెడతావో మానతావో నీ ఇష్టం. నేనైతే ఆ గిన్నెల సంగతి చెప్పి ఆపేస్తాను, ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పకు, సిగ్గరి.

ఈస్టరు నాడు చర్చికి నన్ను ఆటోలో తీసుకెళ్ళారు. బలిపీఠం ముందు మోకరించలేను గనక కుర్చీ వేశారు. అందరూ మోకాళ్ళ మీద ఉంటే నేనొక్కణ్ణి కూర్చుని ఉండటం మొదట చిన్నతనంగా తోచింది. అయ్యగారు నా దగ్గరికి వచ్చి వంగి ప్రభు భోజనపు అప్పం పెట్టారు. పల్చటిది, నాలుక మీద పెట్టగానే కరిగిపోయేది. ఆయన వంగడం చూస్తూ ఉండిపోయాను, ఆమెన్ అనడం మరిచిపోయాను.

ఎలా మాట్లాడావో రాయి. డిసెంబరులో వస్తానన్నావు, తేదీ ఖాయం చెయ్యి. ఈసారి గొడ్డుకారం కావాలని మీ ఇంట్లోవాళ్ళు అడిగారు, కాయ మంచిది దొరుకుతోంది, కొట్టించి ఉంచుతాను.

కుర్రాడు వచ్చాడు. ఫొటోలు తీశాక గిన్నెలు కూడా పట్టుకెళ్తాడట. కడిగి, తుడిచి, బోర్లించి ఉంచాను.

నీ బావ