ఈ నెల నుంచి పులుసులో సాల్మన్ మారుతోంది, ధర కూడా

అందరికీ నమస్కారం. ముందు ధర సంగతి చెప్పేస్తాను. సాల్మన్ పులుసు డబ్బా 16 డాలర్ల నుంచి 19 అవుతోంది, సాల్మన్ వేపుడు 14 నుంచి 17. శీలావతి పులుసు, రొయ్యల ఇగురు, కోడి పలావు పాత ధరకే. ఫారంలో పెంచిన అట్లాంటిక్ సాల్మన్ మానేసి, సముద్రంలో పట్టిన సాకై, చమ్ అనే సాల్మన్ రకాలు వాడుతున్నాం. అవి ఖరీదు ఎక్కువ, అందుకే ఈ పెంపు.

మానేయడానికి కారణం మీలో కొందరు ఆర్డర్‌తో పాటు అడుగుతున్న ప్రశ్నే: "మీది ఫారం చేపా? ఇక్కడి ఆదివాసీలు వద్దంటున్నది అదేనా?" అవునండీ, అదే. కాకపోతే వద్దనేవాళ్లు ఉన్నారు, కావాలనేవాళ్లూ ఉన్నారు. సగం కథ చెప్పి ధర పెంచడం నాకిష్టం లేదు.

మన దగ్గర రిజర్వాయర్లలో పంజరాలు కట్టి చేపలు పెంచినట్టే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో సముద్రపు పాయల్లోకి వలలు దించి పెంచుతారు. ఒక్కో ఫారంలో లక్షల చేపలు. వల కాబట్టి నీళ్లు అటూ ఇటూ పోతాయి, వాటితో పాటు పెంట, జబ్బులు, చేపలకి పట్టే పేను కూడా పోతాయి.

పేను గురించి మా పశ్చిమగోదావరి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. శీలావతికి పట్టేది వేరే జాతి, సాల్మన్‌కి పట్టేది వేరే జాతి, చేసే పని మాత్రం ఒకటే. పెద్ద సాల్మన్ నాలుగైదు పేలని లెక్కచేయదు. పింక్ (ఇదీ ఒక సాల్మన్ రకమే), చమ్ పిల్లలు నదిలోంచి సముద్రంలోకి దిగేటప్పటికి గ్రాము బరువు కూడా ఉండవు. వాటికి ఒకటి రెండు పట్టినా బతకడం కష్టం. మామూలుగా అయితే పెద్ద చేపలు చలికాలం ముందు నదుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి చనిపోతాయి, మంచినీళ్లలో ఆ పేలూ బతకవు. వసంతంలో పిల్లలు దిగేసరికి తీరం దగ్గర పేల బెడద తక్కువగా ఉంటుంది. అవి దిగే దారిలోనే చలికాలమంతా లక్షల చేపలు వలల్లో ఉంటే పేలకి అదొక సత్రం.

వాంకూవర్ ద్వీపం ఉత్తరాన ఉన్న బ్రౌటన్ దీవుల దగ్గర ఈ గొడవ ముదిరింది. అలెగ్జాండ్రా మోర్టన్ అనే జీవశాస్త్రవేత్త 2001లోనే పిల్ల చేపల మీద పేలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 2000లో అక్కడి నదులకి 36 లక్షల దాకా పింక్ సాల్మన్ తిరిగొస్తే, వాటి పిల్లల తరం 2002లో లక్షన్నర లోపే వచ్చింది. నేరమంతా ఫారాల మీదే వేయలేం. సముద్రం వేడెక్కుతోంది, నదులు ఎండుతున్నాయి. 2020లో కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు డిస్కవరీ దీవుల ఫారాల గురించి తొమ్మిది రోగకారకాల్ని పరిశీలించి, ఫ్రేజర్ నది సాకైకి ముప్పు చాలా స్వల్పమన్నారు. ఆ తొమ్మిదిలో పేను లేదు, అది వేరే విషయం.

బ్రౌటన్ నీళ్ల మీద హక్కున్న నమ్గిస్ తదితర ఆదివాసీ జాతుల వాళ్లు 2017లో ఫారాల మీదికెక్కి నెలల తరబడి కూర్చున్నారు. తమ నీళ్లలో తమని అడగకుండా లైసెన్సులిచ్చారన్నది వాళ్ల అసలు బాధ. మరుసటి ఏడు రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 17 ఫారాల భవిష్యత్తు అందులో తేలింది, కొన్నిటిని దశలవారీగా మూసేయాలని, మిగతావి నడవాలంటే ఆ జాతుల అనుమతి ఉండాలని రాసుకున్నారు. ఫారాలు ఉన్నన్నాళ్లూ లోపల ఏం జరుగుతోందో వాళ్ల మనుషులే తనిఖీ చేసేలా ఒప్పుకున్నారు. ఈ తనిఖీ సంగతి నాకు బాగా నచ్చింది.

అలాగని ఆదివాసీలందరిదీ ఒకటే మాట కాదు. ఇంకా పైన క్లెమ్టు అనే మారుమూల ఊళ్లో కిటాసూ హైహైస్ జాతి వాళ్లు కంపెనీతో ఒప్పందం చేసుకుని ఏళ్లుగా ఫారాలు నడిపిస్తున్నారు. ఊళ్లో ఉద్యోగాలు చాలావరకు వాటి మీదే. 2029 జూన్ 30 తర్వాత ఇలా వలల్లో పెంచకూడదని 2024లో కేంద్రం ప్రకటించినప్పుడు, మా నీళ్ల గురించి ఒట్టావాలో కూర్చున్న కేంద్రం ఎలా నిర్ణయిస్తుందని అటువైపు నుంచీ అడిగారు. ఆ ప్రశ్నా న్యాయమైనదే.

మాది భీమవరం పక్క ఊరు. మా చిన్నాన్న రొయ్యల చెరువు తవ్వారు, ఆ ఉప్పు మా నాన్న వరి చేలోకి ఊరింది. ఇద్దరి మాటా వింటూ పెరిగినవాడిని, ఏ ఒక్కరినీ విలన్ అనలేను.

మరి ఎందుకు మానేశామంటే, మాకొచ్చే పెట్టె మీద అట్లాంటిక్ సాల్మన్, కెనడా అని మాత్రమే ఉంటుంది. ఏ పాయలోది, ఆ నీళ్ల వాళ్లు ఒప్పుకున్నదా కాదా అని అడిగితే హోల్‌సేల్ వాళ్ల దగ్గర జవాబు లేదు. తెలియనప్పుడు కొనడం మానడమే నాకు చేతనైంది. ఒడ్డు మీద ట్యాంకుల్లో పెంచిన చేప మాకు అందే ధరకి దొరికితే రేపే కొంటాం.

ఇంకో మాట. ఫస్ట్ నేషన్స్ వాళ్లు, అంటే ఈ ఆదివాసీ జాతుల వాళ్లు, ఇంటి తిండికీ వేడుకలకీ పట్టుకునే చేపని అమ్మకూడదు, అది చట్టం. అలాంటి చేప చౌకగా ఇప్పిస్తామని ఎవరైనా వచ్చినా మేం తీసుకోం. మీరూ తీసుకోకండి. లైసెన్సున్న పడవల చేపే మాది, రసీదు అడిగితే చూపిస్తాం.

ఇక రుచి. ఫారం చేపకి కొవ్వు ఎక్కువ, పులుసు మీద నూనె తేలేది, ముక్క మెత్తగా ఉండేది. సాకై ఎర్రగా, గట్టిగా ఉంటుంది, కొవ్వు తక్కువ. పాత కొలతతో చేస్తే పులుపు నాలిక్కి కొట్టింది. చింతపండు తగ్గించి, ఉల్లిపాయ ముద్ద పెంచాం. పులుసు బాగా మరిగాకే ముక్కలు వేస్తున్నాం, ఐదారు నిమిషాల్లో దించేస్తున్నాం, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పడమే. మీరు ఇంట్లో వేడి చేసుకునేటప్పుడు మళ్లీ మరిగించొద్దు, ముక్క పీచులా అయిపోతుంది. పచ్చడికి మాత్రం చమ్. అది వేయించినా విడిపోదు.

సాకై సీజన్ ఎండాకాలం చివర్లో కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా ఫ్రీజ్ చేసిందే వాడతాం, తాజాది అని చెప్పం. ఫ్రేజర్‌లో నాలుగేళ్లకోసారి చేప బాగా వస్తుంది, ఆ ఏడు ధర తగ్గితే మీకూ తగ్గిస్తాం. చమ్ పచ్చడి అక్టోబరు తర్వాత.

ఫారం ఫిల్లెట్లు ముళ్లు తీసేసి వచ్చేవి. ఇప్పుడు మేమే పట్టకారుతో తీస్తున్నాం, ఒకటీ అరా మిగలొచ్చు. పిల్లలకి పెట్టేటప్పుడు కాస్త చూసి పెట్టండి.